ఏరు అనగా నీళ్లు



కల్లూరు నుండి తూర్పుగా సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట త్రోవ పట్టినయెడల సాగరు కాలువ క్రింది వరిమళ్లు కొంచెము కొంచెముగా వెనుకబడును. నడుమ ఇప్పుడు పామాయిలు తోటలు వచ్చినవి. వాటిని కూడ దాటినచో టేకు, మద్ది, ఇప్ప చెట్లు ఎదురగును. అక్కడి గూడెములలో కోయవారు కాపురముందురు.

ఇరువది రెండేండ్ల క్రిందట, నేను ఈ ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో, అట్టి యొక గూడెమునుండి కబురు వచ్చెను. ఒక ముసలమ్మకు జ్వరము హెచ్చినదట. నేను చేరునప్పటికి ఆమె కుమారుడు బండి కొరకు రోడ్డు మీదికి పోయియుండెను. ఇంటిలో ఆమె ఒక్కతెయే నులక మంచము మీద పడుకొని యుండెను. నేను ప్రక్కన కూర్చుండగా ఆమె నా చేయి పట్టుకొని "ఏరు" అనెను. నేను తెలుగు ఎరిగినవాడను. ఏరు అనగా ప్రవాహమని నాకు తెలియును. మరణ సమయమందు మన సంఘములలో యొర్దానును గూర్చి మాటలాడుట వాడుకయే కదా. ఆమె మనస్సు ఆ ఏటి మీద ఉన్నదనుకొని, వేదము తెరచి, ఇశ్రాయేలీయులు యొర్దానును దాటిన వృత్తాంతము చదివి, పది నిమిషముల సేపు ఆమెకు ధైర్యము చెప్పితిని. ఆమె మరల "ఏరు" అనెను. నేను మరల చెప్పితిని.

అంతలో ఎనిమిది తొమ్మిదేండ్ల మనుమరాలు కట్టెల మోపుతో వచ్చి, గడప దగ్గరనే ఆ మాట విని, మోపు పడవేసి, సొరకాయ బుర్రతో కుండలోని నీళ్లు ముంచి, ముసలమ్మ తల ఎత్తి త్రాగించెను. తరువాత నా వైపు చూచి, "ఏరంటే నీళ్లండి, అయ్యగారూ" అనెను. ఆ పిల్ల నన్ను తప్పు పట్టలేదు. తెలియనివానికి చెప్పినట్లు చెప్పెను. మూడవ దినమున ముసలమ్మ కన్నుమూసెను.

వేదపాఠశాలలో నేను నాలుగేండ్లు గ్రీకు క్రియాపదములు వల్లించినవాడను. హెబ్రీ అక్షరములు కూడ కొంత చదివితిని. దాహముగొన్న మనిషి నీళ్లడిగినప్పుడు తెలిసికొనుటకు ఆ చదువు చాలలేదు. ఈ సంగతి ఇంతవరకు నేను ఎక్కడను వ్రాయలేదు. ఇప్పుడు వ్రాయుటకు కారణమున్నది.

కోయపిల్లలు తమ భాష మరచిపోవుచున్నారని పలువురు విచారపడుదురు. "మీ భాషను మీరే కాపాడుకొనవలెను" అని సభలలో వారికి హితబోధ చేయుదురు. ఆ మాటలో సగము మాత్రమే సత్యమున్నదని నా తలంపు. ఇరుగుపొరుగు వారు నేర్చుకొనని భాష ఇంటి లోపలిదై, పిమ్మట పొయ్యి దగ్గరిదై, చివరకు ముసలివారి మంచము దగ్గరిది మాత్రమే అగును. కాబట్టి ఈ వ్యాసము కోయవారి కొరకు కాదు. కోయ రాని మన కొరకు.

కోయభాష అడవి యాస అనియు, చెడిన తెలుగు అనియు మనలో ఒక తప్పు అభిప్రాయము కలదు. అది ద్రావిడ కుటుంబమునకు చెందిన భాష, గోండీకి మిక్కిలి దగ్గరి చుట్టము, తెలుగునకు తోబుట్టువు. తోబుట్టువు గనుకనే మనలను తికమక పెట్టును. మన ఏరు పారును, వారి ఏరు కుండలో నుండును. మనకు లోను అనగా లోపల, వారికి లోను అనగా ఇల్లు. 2011 జనాభా లెక్కలలో దేశమంతటను కోయ తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 4 లక్షలు. కోయలుగా నమోదైనవారు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 5 లక్షలకు పైబడియుండిరి. ఈ రెండు అంకెల నడుమ నున్న ఖాళీ వేలకొలది ఇండ్లలో మౌనముగా జరిగిన మార్పు.

ఇక చరిత్రకు వచ్చెదను. భద్రాచలమునకు ఎగువన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెమున్నది. 1860వ దశకములో దొరతనమువారు ఎగువ గోదావరిలో పడవలు నడుపుటకై అక్కడ ఆనకట్ట పనులు జరిపించుచుండిరి. ఆ పనుల మీద నున్న ఇంజనీరు హేగ్ దొరగారు. ఆయన క్రింద ఉద్యోగములో నుండిన వెంకటరామరాజుగారు క్రీస్తును అంగీకరించి, ఉద్యోగము విడిచి, కోయవారి మధ్య పని చేయుటకు పూనుకొనిరి. పిమ్మట గురువుగా అభిషేకము పొందిరి. చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను ఇట్లు మొదలాయెను. 1871లో ప్రభుత్వము ఆ పడవమార్గపు పనులను నిలిపివేసెను. లక్షల రూపాయల రాతికట్టడము సగములో నిలిచిపోయినను మిషను నిలిచియుండెను.

తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు దుమ్ముగూడెములో దీర్ఘకాలము పని చేసిరి. 1876 మొదలుకొని ఆయన భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులను గూర్చి ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో వ్రాసిన వ్యాసములను నేటికిని పండితులు తిరగవేయుదురు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి ప్రకటించిన గ్రంథములో కోయవారి భాగమునకు కెయిన్‌గారి వ్రాతలే ముఖ్యాధారము. పందొమ్మిదవ శతాబ్దము ముగియక మునుపే లూకా సువార్త కోయభాషలో అచ్చుపడెను.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపుము. భాష నేర్చుకొన్న పెద్దలుండిరి. వ్యాసములు వెలువడెను. సువార్త అచ్చుపడెను. అయినను నూరేండ్లు గడచిన పిమ్మట అదే అడవి అంచున నావంటి పాస్టరు ఒకడు ఏరు అనగా ఏమో తెలియక కూర్చుండెను. ఇది ఎట్లు సంభవించెను? ఆ దినములలో చదువు వచ్చిన కోయవారు బహు స్వల్పము. బడి పెట్టినచోట పలక మీద తెలుగే ఎక్కెను. పుస్తకము కోయలోను, చదువు తెలుగులోను ఉండగా ఆ రెండును కలిసికొనలేదు. దొరగారు నేర్చుకొన్నది ఆయనతో వెళ్లిపోయెను. మేము, అనగా తెలుగు ఉపదేశులము, గురువులము, మాకు తెలుగు చాలుననుకొంటిమి. పూర్వికులను తప్పు పట్టుటకు నాకు అర్హత లేదు. నేను కూడ అట్లే అనుకొంటిని.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. ఇంగ్లాండునకు పడమట నున్న వేల్సు అను చిన్న దేశమును గూర్చి వినియుందురు. మేరీ జోన్సు అను పదిహేనేండ్ల పేదపిల్ల 1800లో వేదము కొనుటకై 25 మైళ్లు కాలినడకను బాలా పట్టణమునకు పోయిన కథ మన ఆదివారపు బడులలో చెప్పుచునే యుందుము. ఆ ఉదంతము విన్న పెద్దల పూనికకు 1804లో బైబిలు సొసైటీ స్థాపనతో సంబంధమున్నదని కూడ చెప్పుదుము. కాని ఒక సంగతి చెప్పుట మరతుము. ఆ పిల్ల కోరినది ఇంగ్లీషు వేదము కాదు, వెల్షు వేదము. ఆ వేదము 1588లోనే విలియం మోర్గన్‌గారి చేత అచ్చయి యుండెను. మరి ఒక నేతపనివాని కూతురికి చదువుట ఎట్లు వచ్చెను?

దానికి గ్రిఫిత్ జోన్సు అను పల్లెటూరి గురువు చేసిన ఏర్పాటు దారి తీసెను. ఆయన 1730వ దశకములో తిరుగుడు బడులు పెట్టించెను. బడికి కట్టడము లేదు. ఉపాధ్యాయుడు ఒక ఊరికి వచ్చి, సేద్యపు పనులు తక్కువగా నుండు చలికాలములో మూడు నెలలు మకాము చేసి, పగలు పిల్లలకు, రాత్రి కూలి ముగించి వచ్చిన పెద్దలకు, వారి ఇంటి భాషలోనే చదువు చెప్పి, తరువాతి ఊరికి సాగిపోవును. 1761లో జోన్సుగారు మరణించునాటికి ఇట్టి బడులు 3,000కు పైగా జరిగెను. వాటిలో చదివినవారు లక్షన్నరకు మించిరని లెక్కలున్నవి. అప్పుడు ఆ దేశపు జనము మొత్తము నాలుగైదు లక్షలు మాత్రమే. ఒక చిన్న ఊరి గుడి గురువు, కొందరు దాతల సహాయముతో, ఏ రాజాజ్ఞయు లేకుండ ఈ పని చేసెను. మేరీ జోన్సు కాలమునాటికి ఆ పద్ధతిని బాలాలోని థామస్ చార్లెసుగారు మరల నిలువబెట్టియుండిరి.

అయినను వేల్సు కథ అంతయు వెలుగు కాదు. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడి అనేక బడులలో వెల్షు మాటలాడిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్క వ్రేలాడదీసెడివారు. వాడు వెల్షు పలికిన మరియొకని పట్టి యిచ్చినచో ఆ చెక్క వాని మెడకు మారును. సాయంకాలము ఎవని మెడలో నున్నదో వానికి దెబ్బలు. పిల్లవాడే పిల్లవానిని పట్టించుట అందులోని క్రూరత్వము. తల్లిదండ్రులలో అనేకులు దీనికి సమ్మతించిరనుట మరింత దుఃఖకరము. ఇంగ్లీషు వచ్చిన కొడుకు గనిలో మేస్త్రీ యగునని వారి ఆశ. మన గూడెములలోని తల్లులు "మా పిల్లకు తెలుగు రావాలి, ఇంగ్లీషు రావాలి, కోయ ఎందుకయ్యా" అన్నప్పుడు నాకు ఆ తల్లులు జ్ఞాపకమునకు వత్తురు. వారిని గద్దించుటకు నాకు నోరు రాదు. నెహెమ్యా కాలములో యూదుల పిల్లలకు తమ భాష రాకపోయెనని చదువుదుము. ఆ తండ్రులను నెహెమ్యా కొట్టి, వెండ్రుకలు పెరికివేసెను. ఆయన గొప్ప భక్తుడే గాని, భాష నేర్పుటకు ఆ పద్ధతి పనికివచ్చునని నేననుకొనను.

వేల్సువారు పోగొట్టుకొన్నదానిని మరల కూడగట్టుకొన్న విధము చూడుడు. 1939లో అబరిస్ట్విత్ పట్టణములో వెల్షు మాధ్యమముగా మొదటి ప్రాథమిక పాఠశాల తెరచినప్పుడు చేరిన పిల్లలు ఏడుగురు. 1971లో పసిపిల్లల బడుల సంఘమేర్పడెను. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన తల్లిదండ్రులు కూడ తమ పిల్లలను వాటికి పంపి, పిల్లలకంటె వెనుకబడకుండ తాము రాత్రి తరగతులలో చేరిరి. ఇప్పుడు అక్కడ అంగడిలోను, ఆఫీసులోను, ఆసుపత్రిలోను వెల్షు వచ్చిన ఉద్యోగి నారింజరంగు గుర్తు ఒకటి చొక్కాకు పెట్టుకొనును. "నాతో ఈ భాషలో మాటలాడవచ్చును" అని దాని భావము. మెడలోని చెక్క పోయి రొమ్ము మీది గుర్తు వచ్చెను. ఇంత చేసినను 2021 లెక్కలలో వెల్షు మాటలాడువారు 5,38,000 మంది, నూటికి 18 మందికి కొంచెము తక్కువ. పదేండ్ల ముందటి లెక్కకంటె అది తగ్గుదలయే. కాబట్టి ఇది ఒక్క తరములో ముగియు పని అని ఎవరును భ్రమపడకూడదు.

మన దేశములోనే ఇతరుల భాషను నేర్చుకొన్నవారి ఉదాహరణలు లేకపోలేదు. వేల్సు నుండి 1841లో చిరపుంజికి వచ్చిన థామస్ జోన్సు అను మిషనరీ ఖాసీ భాషను ఇంగ్లీషు అక్షరములతో, తన వెల్షు వర్ణక్రమము ననుసరించి వ్రాసెను. చిన్న భాషలో పుట్టినవానికి మరియొక చిన్న భాష విలువ తెలియును. మన డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు తమిళులు. 1909లో తమ 35వ ఏట డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెలలో తిరిగిరి. ఆయన పని ఫలమును మనము అనుభవించుచున్నాము. ఆయన తన తమిళముతోనే సరిపెట్టుకొనియుండిన మన గతి ఏమి?

అందరికంటె నాకు ఎక్కువ బుద్ధి వచ్చినది గిడుగు వేంకట రామమూర్తిగారి జీవితము వలన. ఆయన మన మతస్థులు కారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. వాడుకభాష కొరకు పోరాడిన పండితుడని లోకమంతయు ఎరుగును. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషా దినముగా జరుపుకొందుము. అదే మనుష్యుడు, ఊరికి వచ్చు సవరలను చూచి, వారి భాష తెలిసినవానిని ఇంట పెట్టుకొని నేర్చుకొని, కొండలెక్కి తిరిగి, వారి పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించిరి. ఆ అడవులలో పట్టిన చలిజ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చెనని చెప్పుదురు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర నిఘంటువు వెలువడెను. వినికిడి పోయినవాడు ఒక భాష ధ్వనులను అంత సూక్ష్మముగా వ్రాసి పెట్టెను. తెలుగు భాషా దినమున మనము చేయు ఉపన్యాసములలో సవరల మాట ఒక్కటియైన వినబడదు. ఇది నాకు ఎప్పుడును వింతగానే తోచును.

మన ప్రాంతములోను ఇటీవల కొంత జరిగెను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతుల పాఠములు ప్రారంభించెను. అందులో కోయ ఒకటి. తెలుగు లిపిలోనే పుస్తకములు వచ్చెను. ఆ తెగల ఉపాధ్యాయులే వాటిని వ్రాసిరి. 2022లో మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారికి పద్మశ్రీ లభించెను. ఆయన డోలు కొట్టి, కోయలోను తెలుగులోను, తమ వంశముల చరిత్రను, సమ్మక్క సారలమ్మల కథను పాడెడివారు. 2024లో ఆయన గతించిరి. అట్టివారు పోయినప్పుడు తాళపత్రములు లేని గ్రంథాలయము ఒకటి మూతపడినట్లే. మరియొక సంగతి. 2014లో పోలవరము నిమిత్తమై గోదావరి ప్రాంతపు ఏడు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. నది ఒడ్డు గూడెములు లేచి వేరు వేరు కాలనీలకు పోవుచున్నవి. చెదరిన గూడెములో భాష నిలుచుట కష్టము. ప్రక్కయింటివాడు మారినప్పుడు ప్రక్కయింటి భాష కూడ మారును.

కాబట్టి నాలుగేండ్ల క్రిందట మేము కొందరము గ్రిఫిత్ జోన్సుగారి మూడు నెలల ఏర్పాటును తిరగవేసి చూచితిమి. అక్కడ ఇంటివారికి వారి భాషలో చదువు. ఇక్కడ పొరుగువారికి కోయలో మాట. సంక్రాంతి పంట ఇల్లు చేరినది మొదలు ఇప్పపువ్వు రాలు వరకు, గురువారపు రాత్రులు. ఉపాధ్యాయులు ఇద్దరు కోయ స్త్రీలు. వారిలో ఒకామె సంతకము మాత్రమే చేయగలదు. వారి పూట కూలి పోకుండ ఆ కూలి మేము ఇచ్చితిమి. ఈ విషయములో ఉచితసేవ అడుగుట న్యాయము కాదు. విద్యార్థులలో నేను, ఒక నర్సమ్మగారు, ఇద్దరు మాస్టర్లు, విత్తనముల దుకాణము యజమాని, మరికొందరు. మొదటి యేడు పదకొండుగురు చేరితిమి. ఇప్పపువ్వు నాటికి నలుగురు మిగిలిరి. వచ్చిన యేడు ఆ నలుగురు మరల వచ్చిరి.

మాకు తెలిసిన సంగతులు కొన్ని వ్రాసెదను. పుస్తకము దగ్గర నేర్చిన మాట నిలువలేదు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, సంతలో నేర్చినది నిలిచెను. మేము తప్పుగా పలికినప్పుడెల్ల ఆ స్త్రీలు నవ్వెడివారు. మాస్టరు ఒకరు దానికి నొచ్చుకొని మానుకొనిరి. వారి పిల్లలు మన బడులలో ఏండ్ల తరబడి పడిన నవ్వులకు ఇది వడ్డీ మాత్రమే అని నేను సహించితిని. అన్నిటికంటె పెద్ద అడ్డంకి మాత్రము మర్యాద. మనము తడబడుచు కోయలో ఒక మాట అనగానే వారు మనకు శ్రమ కలుగకూడదని తెలుగులో జవాబిత్తురు. వేల్సులో నేర్చుకొనువారి ఫిర్యాదు కూడ ఇదియేనట, అక్కడివారు వెంటనే ఇంగ్లీషునకు మారుదురట. "అమ్మా, దయచేసి తెలుగులోకి మారవద్దు, నేను ఆలస్యముగానైనను అర్థము చేసికొందును" అని అడుగవలెను. ఈ వాక్యమునే మొట్టమొదట కోయలో నేర్చుకొంటిమి.

విత్తనముల దుకాణము యజమాని మరియొక పని చేసెను. తన బల్ల మీద "ఇక్కడ కోయలో మాటలాడవచ్చును" అని అట్టముక్క మీద వ్రాయించి పెట్టెను. అతనికి వచ్చినది అంకెలు, ధరలు, కుశలప్రశ్న, అంతే. ఒక సంతనాడు నేను అక్కడ కూర్చుండి చూచితిని. ముసలాయన ఒకడు చదువురాక ఆ అట్ట సంగతి అడిగి, ఎవరో చెప్పగా, బల్ల మీద చేయి ఆన్చి చాలసేపు కోయలో మాటలాడెను. యజమానికి అందులో పావు వంతైనను అర్థమై యుండదు. అయినను కదలక వినెను. ఆయన ఏ విత్తనములు కొనకయే వెళ్లిపోయెను.

మొన్నటి తరగతికి ఆ మనుమరాలు వచ్చెను. సొరకాయ బుర్రతో నీళ్లు ముంచి యిచ్చిన ఆ పిల్లయే. ఇప్పుడు ఆమెకు ముప్పది దాటినవి. భర్త పనిమీద కల్లూరులోనే కాపురము. అయిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. పాఠము నడుమ నాకు దగ్గు వచ్చి ఆ పిల్లవాని వైపు తిరిగి "ఏరు" అని అడిగితిని. వాడు నా ముఖము వైపు, తల్లి ముఖము వైపు చూచి ఊరకుండెను. కల్లూరులో పుట్టినవానికి ఆ మాట రాదు. "ఏరంటే నీళ్లు, బాబూ" అని నేనే చెప్పవలసివచ్చెను. తల్లి తల వంచుకొనెను. కొంతసేపటికి తల ఎత్తి, నేను ఆ మాటను పలికిన తీరు సరికాదని నవ్వి, తానే సరిగా పలికెను. పిల్లవాడు నన్ను విడిచి తల్లి పలికినట్లు పలికి, కుండ దగ్గరకు పోయెను.